మొగిలిగూడ రైలు లైను వెంట

మొగిలిగూడకు ఎలా వెళ్లాలని ఎవరైనా అడిగితే ఒకప్పుడు జవాబు తేలిక. బెల్లంపల్లిలో బొగ్గు బండి ఎక్కాలి. ఇంజను వెనకాల వరసగా ఖాళీ బొగ్గు డబ్బాలు, చిట్టచివర జనం కోసం ఒకే ఒక్క పెట్టె. షిఫ్టుకు పోయే కార్మికులు, వాళ్లకు సద్దులు పట్టుకెళ్లే ఆడవాళ్లు, బుట్టల్లో ఇప్పపువ్వు పోసుకున్న గూడేల వాళ్లు, ఎండాకాలం సెలవుల్లో మేనమామ ఇంటికి పోయే నేను, అందరం ఆ ఒక్క పెట్టెలోనే. మా కరీంనగర్‌కు రైలు రావడానికి ఎన్నో ఏళ్ల ముందే ఆ అడవి ఊరికి రైలు ఉండేది. ఈ మాట చెబితే బడిలో నా స్నేహితులు నమ్మేవాళ్లు కాదు.

తర్వాత అక్కడి బొగ్గుబాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మోయడానికి బొగ్గు లేకపోయేసరికి బండి ఆగిపోయింది. దానితోపాటే జనం పెట్టె కూడా. మామయ్య వాళ్లు గోదావరిఖని వెళ్లిపోయారు. నేను కరీంనగర్‌లో ముప్ఫై ఏళ్లు పిల్లలకు భూగోళం చెప్పి రిటైరయ్యాను. పటంలో రైలు మార్గాలు గీయించే రోజున మాత్రం ఏటా ఈ లైను కథ చెప్పేదాన్ని. విన్నవాళ్లలో శ్రావణి అనే అమ్మాయి దాన్ని గుర్తుపెట్టుకుంది. ఆమె ఇప్పుడు సివిల్ ఇంజనీరు. పాత రైలు లైన్లు మళ్లీ పనికొస్తాయా లేదా అని సర్వే చేసే చోట ఉద్యోగం. పోయిన చలికాలం చివర్లో ఫోన్ చేసింది.

"టీచర్, మీ మొగిలిగూడ లైన్ మా లిస్టుల ఉన్నది. అటు దిక్కు కొత్త గని తెరుస్తరంట, దానికి లైన్ గావాలె. కానీ నీలవాగు మీది వంతెన పనికిరాదని కాగితాలల్ల రాసుంది. నేను పోయి చూడాలె. నిజంగనే పనికిరాకుంటే లైన్ అవుతలి దిక్కుకెళ్లి పోతది, మొగిలిగూడకు రైలు రాదు. మీరు గూడ వస్తరా?"

రెండో మాట అడగకుండా సంచి సర్దుకున్నాను.

గోదావరి దాటి

కరీంనగర్ నుంచి పెద్దపల్లి బండిలో నా ఎదురుగా కొండగట్టు వెళ్లి వస్తున్న పెద్దపల్లి కుటుంబం కూర్చుంది. ముగ్గురికీ నున్నగా గుండ్లు, వాటి మీద గంధం. వాళ్లు ఇచ్చిన పులిహోర తిని, నేను తెచ్చిన సర్వపిండి ముక్కలు వాళ్లకు ఇచ్చాను. మా ఇంట్లో సర్వపిండిలో పల్లీలు దండిగా పడతాయి. ఆ ఇంటావిడ ఒక ముక్క కొరికి, "మేము నువ్వులు ఎక్కువేస్తం" అని నవ్వింది. ముప్ఫై కిలోమీటర్ల తేడాలో పిండి తీరు మారిపోతుందన్నమాట.

పెద్దపల్లిలో బండి మారి, రామగుండం పొగగొట్టాలు దాటాక గోదావరి వచ్చింది. వంతెన మీదికి ఎక్కగానే పెట్టెలో అందరూ జేబులు తడుముకున్నారు. చిల్లర లేని ఒక కాలేజీ పిల్ల పక్కాయన దగ్గర రూపాయి అడిగి మరీ నీళ్లలో వేసి దండం పెట్టుకుంది. నీళ్లు తక్కువే ఉన్నాయి, ఇసుక తిన్నెల మధ్య వెండి తీగల్లా. అయినా గోదావరి గోదావరే. ఆ గాలి తగిలితే నా వీపు నిటారుగా అవుతుంది, ఎందుకో చెప్పలేను.

బెల్లంపల్లి

శ్రావణి స్టేషనులోనే ఎదురుచూస్తోంది. తలకు పసుపు టోపీ, కాళ్లకు బూట్లు. నా సంచి లాక్కుని, ముందుగా ఒక మిర్చి బండి దగ్గరికి తీసుకెళ్లింది. ప్లేటు ఇరవై రూపాయలు. నాలుగు మిరపకాయ బజ్జీలు, పైన ఉల్లిపాయ, నిమ్మరసం. బజ్జీలు వేస్తున్నాయన పాత కార్మికుడు. ఎక్కడికి పోతున్నామో చెబితే చేతిలో గరిటె ఆపాడు.

"మొగిలిగూడ లైనా? నేను గా పెట్టెల ఎంతగనం తిరిగిన! ఆడ రాజమల్లు అని మేట్ ఉంటడు చూడు. లైన్ బందయినా గాయన బంద్ కాలే. పొద్దుగాల లేస్తే పట్టాల మీదనే."

మేట్ అంటే పట్టాలు కాపాడే గ్యాంగుకు పెద్ద. లైను మీద నడుస్తూ, వదులైన చోట బిగిస్తూ, కంకర సర్దుతూ పోవడం ఆ గ్యాంగు పని. జీతం ఇచ్చేవాళ్లు, బండి నడిపేవాళ్లు ఎవరూ లేకపోయినా ఆ పని చేస్తున్న మనిషి ఉన్నాడంటే శ్రావణి నమ్మలేకపోయింది. నాకు మాత్రం నమ్మాలనిపించింది.

రెండు మొగిలిగూడలు

మర్నాడు శ్రావణి కొలతల పనివాళ్లతో జీపులో ముందు వెళ్లింది. జీపులో పనిముట్లే నిండిపోవడంతో నేను ఆటో మాట్లాడుకున్నాను. ఆటో నడిపే ఖాజా హుషారైన మనిషి. దారి పొడవునా తన కూతురి నీట్ పరీక్ష గురించి చెబుతూ, ఒక గంటకు తీసుకెళ్లి రంగురంగుల కాంక్రీటు ఇళ్ల మధ్య దించాడు. బోర్డు మీద మొగిలిగూడ అనే ఉంది. రైలు కట్ట జాడ లేదు.

అరుగు మీద కూర్చున్న పెద్దావిడను అడిగితే పకపకా నవ్వింది. "గిది కొత్త మొగిలిగూడ బిడ్డా. ఓపెన్‌కాస్ట్ గని కింద భూములు పోయినోళ్లకు కట్టిచ్చిండ్రు. మేం వచ్చినం, మా ఎంబడి పేరు గూడ వచ్చింది. లైన్ మొగిలిగూడ ఆ దిక్కున్నది, పన్నెండు కిలోమీటర్లు."

ఖాజా తల పట్టుకున్నాడు. "పరేషాన్ చేసిన అమ్మా మిమ్మల్ని. మళ్లా కిరాయి ముచ్చట తీయకుండ్రి, కూసోండ్రి."

ఊరు కదిలిపోయినా పేరును మూటగట్టి తీసుకొచ్చుకున్న ఆ మనుషుల ఇళ్ల మధ్య కాసేపు నిలబడ్డాను. ప్రతి గుమ్మం మీదా ఇంటి యజమాని పేరు, దాని కింద "మొగిలిగూడ" అని రాయించుకున్నారు. చిరునామాకు అంత అవసరం లేదు. వాళ్లకు అవసరం.

మేట్ ఇల్లు

పాత మొగిలిగూడలో రైలు కట్ట పక్కనే రాజమల్లు ఇల్లు. శ్రావణి వాళ్లు అప్పటికే కట్ట కొలతల్లో పడ్డారు. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, ఎండకు కాగిన రాగి రంగు. నేను ఎవరి మేనకోడలినో చెప్పగానే ముఖం విప్పారింది.

"కనకయ్య కోడలువా? మీ మామ నా పెండ్లిల డప్పు కొట్టిండు చెల్లె! రా, కాళ్లు కడుక్కో."

ఆయన కోడలు స్వరూప జొన్నరొట్టెలు కాల్చింది. శనగపిండి పిట్ల, రోట్లో దంచిన పచ్చిమిర్చి తేచా పెట్టింది. మా కరీంనగర్‌లో రొట్టెకు ఏ వంకాయ కూరో, పప్పో ఉండాలి. ఇక్కడ పిట్ల, తేచా ఉంటే చాలు, మరాఠా దేశం పక్కింట్లో ఉందని నాలుక చెబుతుంది. మూడో రొట్టె వద్దంటున్నా వినకుండా వేసింది. నేనూ గట్టిగా వద్దనలేదు.

భోజనాలయ్యాక రాజమల్లు లైను చూపించడానికి బయల్దేరాడు. చేతిలో పొడవాటి కట్టె పిడి ఉన్న సుత్తి. బెల్లంపల్లి వైపు పట్టాలను చాలామేర తుక్కు కింద ఎప్పుడో పీకేశారట. ఊరి నుంచి నీలవాగు దాకా మాత్రం మిగిలాయి. తుప్పు ఉంది గాని తుప్పల్లేవు. రెండు పక్కలా అడవి దట్టంగా ఉన్నా కట్ట మీద చెట్టు మొలవనివ్వలేదు. కంకర సాపుగా ఉంది. అది చూస్తూ నడుస్తుంటే నా చెప్పు ఉంగటం తెగింది. రాజమల్లు జేబులోంచి తీగ ముక్క తీసి, అక్కడే కూర్చుని ముడివేసి ఇచ్చాడు. ఇల్లు చేరేదాకా ఊడలేదు.

"ఎవరు చెయ్యమన్నరన్నా నిన్ను?" అని అడిగాను.

"ఎవలు చెప్పలే. బండి బందయిన తెల్లారి గూడ అలవాటుగ వచ్చిన. ఓ చోట పట్టాను బిగించే చాబీ వదులైంది, కొట్టిన. మళ్లా తెల్లారి వచ్చిన. మా ఆమె ఉన్నప్పుడు తిట్టేది, పిచ్చి లేసిందని ఊరోళ్లు నవ్విండ్రు. నవ్వితే నవ్వనీ. పిల్లలు బడికి గీ కట్ట మీదికెళ్లే పోతరు. పాములు కనబడాలె గద, చెట్లు కొట్టకుంటెట్ల?"

కాస్త దూరం నడిచాక గొంతు తగ్గించి అన్నాడు. "అంతకంటె ఇంకోటుంది చెల్లె. బండి మళ్లా వస్తే, లైన్ సూశి మా గ్యాంగ్‌ను ఎవ్వలు తప్పుపట్టొద్దు. అండ్ల సగం మంది లేరిప్పుడు."

నీలవాగు

మూడో రోజు పొద్దున్నే వాగు దగ్గరికి చేరుకున్నాం. ఎత్తైన రాతి దిమ్మెల మీద పొడవాటి ఇనుప గర్డర్లు. పట్టాల మధ్య వెదురు తడకలు పరిచి ఉన్నాయి. అవతలి గట్టు మీద గోండు గూడెం. అప్పటికే గూడెం వాళ్లు చాలామంది వచ్చి నిలబడ్డారు. వాళ్లలోంచి ఒకావిడ తడకల మీద గబగబా నడిచి మా వైపు వచ్చి "రామ్ రామ్" అంది. పేరు సోంబాయి. అరవై ఏళ్లుంటాయి. మేమూ రామ్ రామ్ అన్నాం. మా దగ్గర చేతులు జోడించి ఊరుకుంటాం. ఇక్కడ ఆమె వెనకే వంతెన దాటిన చిన్నా పెద్దా ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి రామ్ రామ్ చెప్పారు. ఆ పలకరింపులే పావుగంట పట్టాయి.

వానాకాలంలో గూడెం నుంచి బయటికి రావడానికి ఈ వంతెన తప్ప దారి లేదు. ఆ సంగతి సోంబాయి చెబుతుంటేనే నాకు తెలిసింది.

"నా కోడలు కాన్పు గీ వంతెన మీదనే కావాల్సింది. మంచం మీద మోసుకొని దాటిచ్చినం. ఒకసారి ఇనుము కోసేటోళ్లు గ్యాస్ బండలు తీస్కొని వచ్చిండ్రు. ఆడోళ్లమంత పిల్లల్ని సంకనేసుకొని ఈన్నే కూసున్నం. మూడొద్దులు. ఈన్నే వండుకున్నం, ఈన్నే తిన్నం. వాళ్లకు గూడ పెట్టినం బాయి, ఆకలైతది గద. నాలుగో రోజు వాపస్ పోయిండ్రు."

శ్రావణి కాగితాలు తెరిచింది. వంతెన పనికిరాదని రాయడానికి అక్కడ రెండు కారణాలున్నాయి. మూడో దిమ్మె అడుగున వరద మట్టిని కోసుకుపోయిందని ఒకటి. గర్డర్ల రివెట్లు వదులై ఉంటాయని రెండోది. ముందు దిమ్మె దగ్గరికి దిగింది. అడుగున మోకాలెత్తున పెద్ద పెద్ద రాళ్లు పేర్చి ఉన్నాయి, గోడ కట్టినట్టు వరసగా.

"ఇవి డ్రాయింగుల లేవు. ఎవరు పేర్చిండ్రు?" అంది.

రాజమల్లు గూడెం వైపు చూపించాడు. "దిమ్మె కింద వాగు కోస్తున్నదని నేనే జెప్పిన. ఏటా వానలు పడకముందు ఇంటికో మనిషి వస్తడు. కొట్టుకపోయిన రాళ్లకు బదులు కొత్తయి పెడ్తరు."

పనివాళ్లు ఒక పక్క రాళ్లు తీసి తవ్వారు. శ్రావణి ఇనుప కడ్డీ దించి లోతు చూసింది, మళ్లీ చూసింది, ఇంకో మూల చూసింది. మేమంతా గట్టు మీంచి వంగి చూస్తున్నాం. చివరికి పైకి చూసి, "పునాది గట్టిగనే ఉంది టీచర్. రాళ్లే కాపాడినయ్" అంది. తీసిన రాళ్లను పేర్చడానికి గూడెం మగవాళ్లు అప్పటికే వాగులోకి దిగిపోయారు.

ఇక రివెట్లు. రివెట్ అంటే ఇనుప పలకలను కలిపి పట్టుకునే గుండ్రటి తల మేకు. సుత్తితో తడితే బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైంది డబ్బుమంటుంది. వందల రివెట్లను ఒక్కొక్కటే తట్టి చూడాలి. మొదలుపెట్టే ముందు శ్రావణి మేట్‌ను అడిగింది. "తాతా, నీకు తెలిసినంతల ఎన్ని వదులున్నయ్?"

"ఆరు. రెండో గర్డర్ ఎడమ దిక్కు నాలుగు, ఆఖరి దాంట్ల రెండు. సున్నం బొట్లు పెట్టిన, సూడు."

ఆమె ఆ మాట పుస్తకంలో రాసుకుంది. సుత్తి పట్టుకున్న పనివాడు నడుముకు తాడు కట్టుకుని దిగాడు. ఖంగు, ఖంగు, ఖంగు. ఎండ నెత్తికెక్కింది. సోంబాయి వాళ్లు ఇప్పపువ్వు లడ్డూలు, మోదుగాకు దొన్నెల్లో జావ పంచారు. రాజమల్లు ఏమీ ముట్టలేదు. కళ్లు మూసుకుని చెవులు అటే పెట్టాడు. రెండో గర్డర్ దగ్గర డబ్బుమని నాలుగుసార్లు వినిపించింది. నాలుగూ సున్నం బొట్లున్నవే. ఆఖరి గర్డర్‌లో రెండు. అవీ బొట్లున్నవే. జనం కేక వేయబోయారు. అంతలోనే చిట్టచివర, బొట్టు లేని చోట, ఇంకోసారి డబ్బుమన్న చప్పుడు.

రాజమల్లు కళ్లు తెరిచాడు. "మళ్లొక్కసారి కొట్టు" అన్నాడు.

పనివాడు మళ్లీ కొట్టాడు. అదే చప్పుడు.

"గిది ఎప్పుడు వదులైందో నాకు తెల్వలే" అన్నాడు. తలకు చుట్టిన తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకుని, పట్టా మీద కూలబడ్డాడు. ఏళ్ల తరబడి నవ్విన ఊరికి జంకని మనిషి, ఒక్క రివెట్ దగ్గర తప్పు చేసిన పిల్లవాడిలా కూర్చున్నాడు.

శ్రావణి వచ్చి ఆయన పక్కనే కూర్చుంది. "తాతా, మా ఆఫీసుల లెక్కనైతే గీ రివెట్లల్ల సగం ఊడిపోవాలె. ఏడే ఉన్నయ్. ఏడు రివెట్లు ఒక్క రోజుల మార్చొచ్చు. నేను వంతెన పనికొస్తదని రాస్తున్న."

"నిజంగనా బిడ్డా?"

"రిపేర్లు చేసుకుంటే పనికొస్తది అని రాస్తున్న. సంతకం నాదే. పైనోళ్లు ఏమంటరో తెల్వదు. కానీ నేను చూసింది మార్చి రాయను."

గట్టు మీద ఎవరో పిల్లను పైకెత్తారు, ఎవరో ఈల వేశారు. సోంబాయి మాత్రం అరవలేదు. వచ్చి వంతెన గర్డర్‌ను అరచేత్తో నిమిరి, చెయ్యి కళ్లకద్దుకుంది.

ఫారంలో ఇంకో గడి మిగిలింది. లైను మూసేశాక నిర్వహణ చేసినవారు ఎవరని. పాత కాగితంలో అక్కడ "ఎవరూ లేరు" అని ఉంది. శ్రావణి దాన్ని అడ్డంగా కొట్టేసి రాజమల్లు పేరు రాయబోయింది.

ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "నాదొక్కటే రాస్తే అబద్ధమైతది. రాళ్లు పెట్టినోళ్లయి రాయి. మూడొద్దులు కూసున్నోళ్లయి రాయి."

ఆ గడి వేలెడంత వెడల్పు కూడా లేదు. శ్రావణి కాగితం వెనక్కి తిప్పింది. సోంబాయి ఒక్కొక్క ఇంటి పేరూ చెప్పడం మొదలుపెట్టింది. పుర్క, ఆత్రం, కుమ్ర, మడావి, సిడాం. చనిపోయిన వాళ్ల పేర్లు వచ్చినప్పుడు రాయాలా వద్దా అని శ్రావణి చుట్టూ చూసింది. "రాయి" అని అందరూ ఒకేసారి అన్నారు. నా కంటితో ఎన్నో పటాలు చూశాను, ఎన్నో పాఠాలు చెప్పాను. మన ప్రాంతం గురించి ఇంతకంటే గొప్ప కాగితం నేను చూడలేదు.

ఇంటికొచ్చాక

తిరుగు ప్రయాణంలో చెప్పుకోదగ్గ విశేషాలేమీ లేవు. సోంబాయి ఇచ్చిన ఇప్పపువ్వు లడ్డూలు మా వీధిలో పంచాను. తాగితే మత్తెక్కుతుందా అని ఒకాయన అడిగాడు. ఇది తినేదని చెప్పి రెండు ఎక్కువ పెట్టాను.

వానలు మొదలయ్యే ముందు శ్రావణి నుంచి ఫోన్ వచ్చింది. నీలవాగు వంతెనను తుక్కు జాబితాలోంచి తీసేశారు. కొత్త లైను పాత కట్ట మీదుగానే పోతుందట, మొగిలిగూడలో ఆగుతుందట. పట్టాలు ఎప్పుడు పరుస్తారో ఇంకా చెప్పలేదు. ఆలస్యం కావచ్చు, నాకు తెలుసు. మన వైపు రైలు ఏనాడూ తొందరపడి రాలేదు. రావడం మాత్రం వస్తుంది.

ఈ మాట రాజమల్లుకు నా నోటితో చెప్పాలని వెంటనే ఫోన్ చేశాను. స్వరూప ఎత్తింది.

"శ్రావణి మేడం ఇంతకుముందే చెప్పింది అత్తమ్మా. మామ ఇంట్ల లేడు. ఇన్నడో లేదో, తువ్వాల సుట్టుకొని వాగవుతలికి పోయిండు, గూడెపోళ్లకు చెప్పాలెనని. ఫోన్ చెయ్యి మామా అంటే ఇనలే. గిసుంటి ముచ్చట ఫోన్ల చెప్తరా, ఇంటింటికి పోయి చెప్పాలె అని పోయిండు. అన్నం గూడ తినలే."